అసైన్డ్ భూమి కబ్జా అయినప్పుడు సంఘం చేయవలసిన పని: ఒక యువ పాస్టర్‌కు లేఖ

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి వందనాలు.

నీ ఉత్తరం చదివిన. వాడలో ఒంటరిగా ఉంటున్న ఆ తల్లి లావణి పట్టా భూమిలోకి, అంటే భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చే అసైన్డ్ భూమిలోకి, పలుకుబడి గల నాయకుడొకడు ట్రాక్టర్ దింపి దున్నించాడని, ఠాణాకు పోతే 'ఇది సివిల్ మ్యాటర్' అని పంపించేశారని రాశావు. ఆదివారం ఆరాధన అయిపోగానే ఫ్లెక్సీ పట్టుకుని మందిరం నుంచే ర్యాలీ తీద్దామని నీ ఆలోచన. అధికారులకు లోబడమనే రోమా 13 చదువుకుని ప్రార్థన చేసుకుంటే చాలు, పైగా ఆమె ఎల్లమ్మను కొలిచే మనిషి, మన సంఘస్థురాలు కాదు కదా అని మీ పెద్దల మాట. వాళ్లు మౌనానికి తొందరపడుతున్నారు, నువ్వు మైకుకు తొందరపడుతున్నావు.

ముందు పెద్దల సంగతి. వాళ్లతో వాదం పెట్టుకోకు, కూర్చోబెట్టి మొదటి రాజులు 21 నిదానంగా చదివించు. నాబోతు ద్రాక్షతోటను రాజైన అహాబు కత్తితో లాక్కోలేదు. రాజు పేరుతో ఉత్తరాలు రాశారు, ముద్ర వేశారు, ఊరంతటికీ ఉపవాసం చాటించారు, ఇద్దరు అబద్ధ సాక్షులను నిలబెట్టారు. ఆ ఉత్తరం అందుకుని చెప్పింది చెప్పినట్టు చేసింది ఎవరు? ఆ పట్టణపు పెద్దలే. నాబోతు మన సంఘస్థుడా కాదా అనే ప్రశ్న ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. రోమా 13 విషయానికొస్తే, అది రాసిన పౌలే ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి జైల్లో వేసిన అధికారులు గుట్టుగా పంపించేద్దామని చూస్తే ఒప్పుకోలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించారు, వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16). తర్వాత కైసరు దగ్గరికే అప్పీలు చేసుకున్నాడు. ఈ దేశంలో అధికారం చట్టం రూపంలో ఉంది. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టాన్ని, అంటే 9/77ను, అమలు చేయమని తహసీల్దార్‌ను అడగడం అధికారానికి లోబడటమే. లోబడనిది ఆ ట్రాక్టర్ యజమాని.

ఇక నీ పని. మొట్టమొదట ఆమెను అడిగావా? నీ ఉత్తరంలో ఆ ముక్క కనిపించలేదు. రేపు కూలికి పిలవకపోతే, బోరు నీళ్లు పట్టుకోనివ్వకపోతే, పశువులను ఆ దారిన పోనివ్వకపోతే భరించేది ఆమే. సంఘంలోని పెద్ద వయసు అక్క ఒకరిని తోడు తీసుకుని ఆమె ఇంటికి పో. కుర్రాళ్ల గుంపుతో పోకు, గుంపు ముందు ఎవరూ 'వద్దు' అనలేరు. ఏమేం జరగవచ్చో దాచకుండా చెప్పు. ఆమె వద్దంటే అక్కడితో ఆగిపో. ఒప్పుకుంటే ఐదుగురికి మించకుండా ఒక చిన్న బృందం కట్టు. అందులో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి, సంఘానికి బయటివాళ్లు కనీసం ఒకరుండాలి. ఆ తల్లిని మందిరానికి రమ్మని ఈ వ్యవహారం నడిచినంతకాలం ఎవరూ పిలవొద్దు. సాయాన్ని ఎరగా వాడారన్న మాట పుట్టిందంటే ఆమె కేసూ పోతుంది, మన పరువూ పోతుంది.

తర్వాత కాగితాలు. ఇక్కడే ఎక్కువ అర్జీలు పడిపోతాయి. పట్టా కాగితం ఎవరి పేరున ఉందో చూడు. చనిపోయిన భర్త పేరున ఉండి విరాసత్, అంటే వారసుల పేరుకు మార్పు, కాకపోయి ఉంటే, 'నీకేం సంబంధం' అని మొదటి రోజే అడుగుతారు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసి విరాసత్‌కు వేరే దరఖాస్తు పెట్టించు. దాన్నీ కబ్జా అర్జీనీ ఒకే కాగితంలో కలిపితే రెండూ మూలన పడతాయి. ఆధార్‌లో పేరు, పట్టాలో పేరు అక్షరం తేడా ఉన్నా ముందే రాసిపెట్టుకో.

పాత పహాణీల, అంటే భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసే రెవెన్యూ రికార్డుల, ధ్రువీకృత నకళ్లు తీయించు. 1954-55 ఖాస్రా పహాణీ ఆ సర్వే నంబరును సర్కారీ భూమి అంటోందా పట్టా భూమి అంటోందా అన్నది మొదటి ప్రశ్న. అసైన్ చేసిన తర్వాతి పహాణీల్లో పట్టాదారు కాలం, అనుభవదారు కాలం రెండూ చూడు. ఆన్‌లైన్ భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక అనుభవదారు కాలం తీసేశారు కాబట్టి సాగులో ఉన్నట్టు చూపడానికి అంతకు ముందటి పహాణీలే దిక్కు. విస్తీర్ణం కాగితంలో ఉన్నదే రాయి. ఎకరం ఇరవై గుంటలైతే అంతే, 'సుమారు రెండెకరాలు' అని రాయకు. సర్వేయర్ గొలుసు పట్టిన రోజు ఆ ఇరవై గుంటల తేడా బయటపడితే, మిగతా అర్జీ అంతా అబద్ధమనడానికి అవతలివాడికి అదొక్కటి చాలు. శ్రీశైలం రోడ్డు పొంటి భూమి ధర పెరిగినప్పటి నుంచి అవతలివాళ్లు కూడా మంచి వకీళ్లనే పెట్టుకుంటున్నారు.

ఆ నాయకుడు 'నేను కొన్నా' అంటే భయపడొద్దు. భూమిలేని పేదలకు అసైన్ చేసిన భూమి అమ్మకం 9/77 కింద చెల్లదు. తహసీల్దార్ స్థాయి అధికారి కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, అసైనీకి, అంటే మొదట భూమి పొందినవారికి, గానీ వారసులకు గానీ తిరిగి అప్పగించవచ్చు. కొన్నవాడు కూడా భూమిలేని పేదవాడైతే లెక్క వేరు, ఆ సవరణలు వకీలునే అడగాలి. వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత వకీలు దొరుకుతాడు. నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పో, లేదా 15100కు ఫోన్ చెయ్.

సాక్షుల వాంగ్మూలాల దగ్గర నువ్వే కూర్చో. 'గూండాలతో వచ్చి దౌర్జన్యం చేశాడు' అని రాస్తే అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. 'ఫలానా తేదీ పొద్దున ఏడు గంటలకు నేను పక్క చెలకలో కంది చేను కాడ ఉన్నాను. నీలం రంగు ట్రాక్టర్ పడమటి గట్టు తొక్కి లోపలికి వచ్చింది. నడిపినవాణ్ణి గుర్తుపట్టాను' అని రాస్తే అది సాక్ష్యం. కళ్లారా చూసింది ఒక కాగితం మీద, చెవిన పడింది మరో కాగితం మీద రాయించు. ఒకరి మాట చాలదు, ఇద్దరో ముగ్గురో కావాలని ద్వితీయోపదేశకాండము చెప్పిన లెక్క నేటికీ పనికొస్తుంది.

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. ఎవరు, ఏ సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఏ రోజు ఏం జరిగింది, ఏం కావాలి. ఆఖరున అడిగేది ఒక్కటే: 9/77 కింద విచారణ జరిపి స్వాధీనం తిరిగి ఇప్పించండి. వాక్యాలు, కీర్తనలు అందులో పెట్టకు, అవి నీ మోకాళ్ల కాడ ఉండనీ. ఆమెకు రెండుసార్లు చదివి వినిపించి, తన నోటితో తిరిగి చెప్పించుకున్నాకనే వేలిముద్ర వేయించు. మూడు ప్రతులు తీయి: తహసీల్దార్‌కు ఒకటి, దేవరకొండ ఆర్డీఓకు ఒకటి, సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఒకటి. కలెక్టరేట్‌లో ఇచ్చినా అది తిరిగి తిరిగి అదే తహసీల్దార్ టేబుల్ మీదికే వస్తుంది, అందుకే ఆర్డీఓకు విడిగా ఇవ్వాలి. ప్రతి చోటా నీ దగ్గరుండే నకలు మీద 'అందినది' ముద్ర, తేదీ వేయించుకోకుండా గడప దాటకు. రెండోసారి పోయినప్పుడు మొదటి రశీదు నకలు జతచెయ్, లేకుంటే కొత్త అర్జీ కింద జమకట్టి మళ్లీ మొదటికి తెస్తారు. లూకా 18లో ఆ విధవరాలు న్యాయాధిపతిని గెలిచింది మాటిమాటికి పోయే. మన సంఘాలు ఆ ఉపమానాన్ని ప్రార్థనకే వాడతాయి. తహసీల్ ఆఫీసు మెట్ల మీద కూడా అది వాక్యమే.

నెల దాటినా కదలిక లేకపోతే ఆర్టీఐ వెయ్. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల రేషన్ కార్డు నకలు పెడితే అదీ అక్కర్లేదు. 'ఎందుకు చర్య తీసుకోలేదు' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కాగితాలిస్తుంది గానీ కారణాలివ్వదు. 'ఫలానా తేదీ నాటి అర్జీపై గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) నివేదిక, నోట్ ఫైలు నకళ్లు ఇవ్వండి' అని అడుగు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండోది.

పోలీసుల విషయం జాగ్రత్త. ఆమె ఎస్సీ గనుక, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లోని సెక్షన్ 3(1) కింద ఆమె భూమిని అక్రమంగా ఆక్రమించినా, అక్రమంగా వెళ్లగొట్టినా నేరమే. దర్యాప్తు డీఎస్పీ చేయాలి. నిందితుడి ముందస్తు బెయిలుకు సెక్షన్ 18 అడ్డుపడుతుంది. స్టేషన్లో ఎఫ్ఐఆర్ తీసుకోకపోతే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ఆ దారి ఇచ్చింది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్.

ఈ దశలో ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, 'కులం పేరు పెట్టి తిట్టాడని ఒక ముక్క రాయించు, కేసు గట్టిపడతది' అంటాడు. ఆమె ఆ మాట చెప్పలేదని నువ్వే రాశావు. చెప్పనప్పుడు రాయొద్దు. భూమి సెక్షన్లకు తిట్టు అక్కర్లేదు, ఆక్రమణ ఒక్కటే చాలు. ఆ అబద్ధం ఒక్కటి క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలిపోతే నిజంగా జరిగిన కబ్జా కూడా కొట్టుకుపోతుంది. నీ పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞలో, పొరుగువాడు దుర్మార్గుడైతే పలకవచ్చు అనే మినహాయింపు లేదు. నాబోతును చంపింది అటువంటి సాక్ష్యమే. మనం అదే పనిముట్టు పట్టుకుంటే, అహాబును గద్దించిన ప్రవక్త ఏలీయా పక్కన మనం లేము.

ఇంకో ముల్లు ఉంది. ఇదే వాడలో, ఇదే కులంలో పుట్టి బాప్తిస్మం తీసుకున్న మన వాళ్లకు ఈ చట్టం రక్షణ లేదు. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా మొదట హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మన వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. ఇది అన్యాయమే, దాని మీద పోరాటం వేరుగా నడుస్తోంది. కానీ ఫిర్యాదులో ఎవరి కులం, ఎవరి మతం ఉన్నది ఉన్నట్టే రాయించు. మన సాక్షులకు బెదిరింపులొస్తే మామూలు నేర చట్టం సెక్షన్ల కింద ఫిర్యాదు ఇవ్వచ్చు.

ఆదివారం ర్యాలీ మానుకో. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం మందిరం ఆవరణను రాజకీయ కార్యకలాపానికి వాడితే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఒక నాయకుడు పేదరాలి భూమి లాక్కున్నాడన్న మాట రాజకీయం కాదని నువ్వంటావు, పోటీ పార్టీవాడు నీ మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డ క్షణం అవుతుంది. బృందం పంచాయతీ ఆఫీసు కాడనో రచ్చబండ కాడనో కూర్చోవాలి. పుల్పిట్ మీద ఆ నాయకుడి పేరెత్తకు, విచారణ ఇంకా కాలేదు. ప్రార్థనలో మాత్రం ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు, తహసీల్దార్ హోదా, డీఎస్పీ హోదా చెప్పి ప్రార్థించు. ఖర్చులకు, అంటే జిరాక్సులకు, నకళ్ల రుసుముకు, బస్సు చార్జీలకు విడిగా ఒక నోటు పుస్తకం పెట్టు. విదేశీ విరాళం పైసా కూడా అందులో కలవొద్దు.

ఎలక్షన్లు దగ్గరికొస్తే ఏదో ఒక పార్టీవాడు, అవతలివాణ్ణి ఇరికించడానికైనా సరే, 'మీ అమ్మకు భూమి ఇప్పిస్తా, సంఘం ఓట్లు ఇటు చూపించండి' అంటాడు. మందిరానికి బోరు వేయిస్తా, స్లాబుకు సిమెంటు ఇస్తా అంటాడు. తీసుకోకు. బోరులో నీళ్లు పడినన్నాళ్లూ నీ నోరు పడిపోతుంది.

ధర్నా దాకా పోవలసి వస్తే, అది రశీదులన్నీ చేతిలో పడ్డాకనే. ముందుగా పోలీసులకు రాసిచ్చి అనుమతి తీసుకో, ఎంతమంది, ఎన్ని గంటలు అన్నది అందులో ఉండాలి. క్లాక్ టవర్ కాడ కూర్చోండి గానీ రోడ్డు ఆపకండి. పిల్లలను ముందు వరసలో పెట్టకు. నినాదాలు ముందే కాగితం మీద రాసుకోండి, ఎవరి తల్లినీ పెళ్లాన్నీ తిట్టే మాట ఉండొద్దు. దేవరకొండ, పాలమూరు ప్రాంతాల మన మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలకు కత్తి పట్టననే సంప్రదాయం పదహారో శతాబ్దం నుంచీ వారసత్వంగా వచ్చింది. రాయి విసిరే కుర్రాణ్ణి ఆ పూట ఇంట్లో ఉంచు, వాడు ఎంత భక్తిపరుడైనా సరే. వాట్సాప్‌లో ఆమె ఫొటో పెట్టే పని అసలే వద్దు.

అతను మధ్యవర్తులతో రాజీకి వస్తే తలుపు మూయకు. నెహెమ్యా 5లో పొలాలు తాకట్టు పట్టిన పెద్దలను నెహెమ్యా గద్దించి, పొలాలు తిరిగి ఇప్పించి, యాజకుల ముందు ప్రమాణం చేయించాడు. నువ్వూ అంతే, మాట మీద వదలొద్దు: ఖాళీ చేసినట్టు రాతపూర్వకంగా, హద్దులు సర్వేయర్‌తో కొలిపించి, రికార్డులో ఆమె పేరు ఎక్కినట్టు చూసుకుని. డబ్బు తీసుకుని భూమి వదిలే రాజీకి మాత్రం వకీలు లేకుండా ఆమె వేలు కదలనీయకు. అసైన్డ్ భూమికి ఆ రాజీయే చట్టవిరుద్ధం అవుతుంది. క్రిమినల్ కేసును రాజీ కోసం ఎత్తుకునే కర్రలా వాడొద్దు, అది కోర్టు చూసుకుంటుంది.

వచ్చే సోమవారానికి ముందే అర్జీ చిత్తుప్రతి నాకు పంపు. సర్వే నంబరు, గుంటలు, అసైన్ అయిన సంవత్సరం కాగితం చూసి రాయి. కాగితం దొరకని చోట ఖాళీ వదిలెయ్, ఊహించి నింపకు.

ప్రభువు సేవలో
మీ అన్న