అర్ధసంవత్సరపు రాత్రి: మేనకోడలికి ఒక ఉత్తరం

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మీ సహకార బ్యాంకు కోర్ బ్యాంకింగ్ వ్యవస్థను, అంటే అన్ని బ్రాంచీల ఖాతాలను ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌ను, కొత్త వెర్షన్‌కు మార్చే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంతో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. పరీక్షలకు రెండు వారాలే ఇచ్చారనీ, అసలు సర్వర్ అంత టెస్ట్ సర్వర్ దండగ అన్నారనీ ఆమె చివర్లో చెప్పడంతో రాత్రి నిద్ర పట్టలేదు.

బ్యాకప్ తీసుకోవడం, వెండర్ చేయవలసిన పనులు కాగితం మీద పెట్టించుకోవడం, నెలాఖరున మార్పు పెట్టుకోకపోవడం నీకు తెలిసినవే. వాటికి సిరా ఖర్చు చేయను. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను.

సేవింగ్స్ ఖాతాల వడ్డీని 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద లెక్కించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అంతకుముందు ప్రతి నెలా 10వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద వడ్డీ కట్టేవాళ్లం. అర్ధసంవత్సరానికి ఒక్కో ఖాతాకు నెలకొకటి చొప్పున ఆరు నిల్వలు చాలేవి. కొత్త పద్ధతిలో సెప్టెంబరు 30 నాటికి రోజుకొకటి చొప్పున 183 నిల్వలు కావాలి. ఈ తేడా నాకు తెలియక కాదు. ప్రోగ్రాము లెక్క సరిగా కడుతోందా అని చూశానే తప్ప ఎంతసేపట్లో కడుతోందో చూడలేదు. మూలన పడేసిన పాత సర్వర్ మీద ఐదు వేల ఖాతాలకు ఒక్క నెల వడ్డీ కట్టించాను; టీ తాగి వచ్చేలోగా అయిపోయింది. పెద్ద యంత్రం కావాలని అంతకుముందే ఒకసారి నోట్ పెట్టాను. అసలు దానికి అయినంత ఖర్చు పరీక్షకు కూడా పెడతామా అని పైఅధికారి నవ్వారు. నేనూ ఆయనతో కలిసి నవ్వి, "పరీక్ష సంతృప్తికరం" అని సంతకం చేశాను.

ఆ సెప్టెంబరు 30 అయోధ్య తీర్పు వచ్చిన రోజు. రోడ్లు నిర్మానుష్యంగా ఉన్నాయి. ముగ్గురం ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్లతో కూర్చున్నాం. రాత్రి పదకొండుకు మొదలైన అర్ధసంవత్సరపు వడ్డీ పని తెల్లవారి ఐదుకు సగం కూడా కాలేదు. ఆపితే కొన్ని ఖాతాల్లో వడ్డీ పడింది, కొన్నింటిలో పడలేదు, ఏవి ఏవో తేల్చే ఏర్పాటు లేదు. పాత స్థితికి వెళ్దామంటే బ్యాకప్ టేపును వెనక్కి ఎక్కించి చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు. అది ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. ఒకటో తేదీ, పెన్షన్ల రోజు. ఒక బ్రాంచి మేనేజరు ఫోను చేసి నన్ను ఏమీ అనలేదు. రిసీవరును హాలు వైపు తిప్పి పట్టుకున్నారు. ఆ గోల విన్నాను. పదిహేనేళ్లు దాటినా ఏ బ్యాంకు మెట్లెక్కినా నాకు అదే వినిపిస్తుంది.

కాబట్టి ఖర్చు ఎక్కువని వాళ్లంటే కాదనకు, నిజంగానే ఎక్కువ. యంత్రం, లైసెన్సు, డిస్కులు, సెలవు రోజుల్లో వచ్చి సరిచూసే బ్రాంచి సిబ్బంది, అన్నీ లెక్కలోకి వస్తాయి. అసలు డేటాలో పేర్లు, ఫోను నంబర్లు మార్చి నకలు తీయడానికే చాలా రోజులు పడుతుంది. అయినా అసలు డేటా నకలే కావాలి తల్లీ. ఏఎల్‌పీఎంల, అంటే బ్రాంచీల్లో లెడ్జర్లు రాసే తొలి కంప్యూటర్ యంత్రాల, రోజుల్లో లెడ్జర్ల నుంచి ఎక్కించిన ఖాతాల్లో పుట్టినతేదీ దొరకనివారికి గుమాస్తాలు తోచిన తేదీ వేశారు. మీరు తయారుచేసుకునే ఉత్తుత్తి ఖాతాల్లో అలాంటి మురికి ఉండదు. యంత్రాన్ని కొనలేకపోతే ఒక్క నెలకు అద్దెకు తీసుకోమని అడుగు. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో కొత్త వ్యవస్థకు మారినప్పుడు, రెండు డేటా సెంటర్లు ఉంటే భారాన్ని తట్టుకునే పరీక్షను ఒక్కదానిలోనే చేశారు. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. 2022లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అంత డబ్బున్నవాళ్లే అక్కడ తగ్గించుకున్నారు, మీ డైరెక్టర్లను ఏమనగలం!

అన్నీ పరీక్షించడం ఎవరివల్లా కాదు. ఏవి పరీక్షించలేదో ఒక కాగితం మీద రాసి, సంతకం చేసే అధికారి ముందు పెట్టు. నాలాగా నవ్వకు. నువ్వు చిన్నప్పుడు, నేను కోప్పడితే తప్పు నీది కాకపోయినా తలూపేదానివి. అదే నా భయం.

పునరుద్ధరణ రిహార్సల్ వచ్చే ఆదివారమే చెయ్యి. పూర్తి బ్యాకప్ వెనక్కి ఎక్కడానికి ఎన్ని గంటలు పట్టిందో నాకు రాయి. అంకె లేకుండా "బాగానే జరిగింది మామయ్యా" అని రాస్తే మర్నాడే బస్సెక్కి వస్తాను. మీ అత్తయ్య ఇప్పటికే సంచీ సర్దింది.

ఆశీస్సులతో,
మామయ్య