పొట్టేలు దాటుతోంది కానీ గొర్రెలు చూలు కట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాకు 46 గొర్రెలున్నాయి. ఏప్రిల్ చివర్లో నెల్లూరు జోడిపి పొట్టేలును తెచ్చాం. రెండు పళ్ళది (ఏడాది, ఏడాదిన్నర వయసు), మంచి ఒడ్డూ పొడుగూ ఉంది. మే రెండో వారంలో ఎండదెబ్బ తగిలి మూడు రోజులు జ్వరంతో మేత ముట్టలేదు, తర్వాత తేరుకుంది. జూన్ మొదటి వారంలో మందలో వదిలాం. ఎదకొచ్చిన ప్రతి గొర్రెనూ దాటుతోంది. కానీ రెండు వారాలు దాటగానే అవే గొర్రెలు మళ్ళీ ఎదకొస్తున్నాయి. ఇప్పటికి 14 మాత్రమే కట్టినట్టున్నాయి. గొర్రెల గర్భసంచిలో చీము ఉందని, అన్నిటికీ శుద్ధి ఇంజక్షన్ వేయాలని మందుల షాపాయన అంటున్నాడు. ఆయన చెబితేనే జూలై 8న, 15న పొట్టేలుకు రెండు పవర్ ఇంజక్షన్లు వేయించాం. ఖాళీ సీసా ఫోటో పంపుతున్నాను. గొర్రెలను అమ్మేయమంటారా సార్?
– ఒక రైతు, పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా

జవాబు: గొర్రెలను అమ్మకండి. శుద్ధి ఇంజక్షన్ అసలే వద్దు. ఆ పేరుతో అమ్మే వాటిలో ఎక్కువగా ఉండేది ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోను. అది పడితే కట్టిన ఆ 14 గొర్రెలు కూడా ఈసుకుపోతాయి. గర్భసంచిలో చీముంటే గొర్రె ఇంత లెక్కగా 17 రోజులకోసారి ఎదకు రాదు. మీవి క్యాలెండర్ చూసుకున్నట్టు వస్తున్నాయంటే వాటి ఆరోగ్యం బాగుంది. లోపం పొట్టేలుది.

అది బాగానే దాటుతోంది కదా అంటారు. దాటడం వేరు, కట్టించడం వేరు. ఒకటి ఉండి రెండోది లేని పొట్టేళ్ళను ఏటా చూస్తూనే ఉన్నాం.

వరి లెక్కలో చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఈ రోజు కోసిన గింజ ఈ రోజుది కాదు కదా. వీర్యకణం కూడా అంతే. విత్తుల (వృషణాల) లోపల దారాల్లాంటి సన్నని నాళాలు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. వాటి గోడకు అంటుకొని ఉండే మూలకణాలు నారు లాంటివి. అవి విడిపోయి పెరుగుతాయి. తర్వాత ఒక్కో కణం రెండుసార్లు చీలి నాలుగవుతుంది. గొర్రె కణంలో 54 క్రోమోజోములుంటే, ఈ నాలుగింటిలో ఒక్కోదానికి 27 వస్తాయి. అప్పటికి అవి ఇంకా గుండ్రటి కణాలే. తల బిగుసుకుని, తోక మొలిచి, తల మీద అండాన్ని తొలిచే టోపీ ఏర్పడేదాకా అక్కడే ఉండాలి. పొట్టేలులో ఇదంతా జరగడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది.

అయినా పని పూర్తి కాదు. అప్పుడే విత్తు నుంచి బయటపడ్డ కణానికి ఈదడం రాదు. విత్తును అంటుకొని ఎపిడిడిమిస్ అనే మరో నాళం ఉంటుంది. విప్పి పరిస్తే అది పదుల మీటర్ల పొడవు. దాని గుండా 10 నుంచి 14 రోజులు ప్రయాణించాక కణానికి ఈదే శక్తి వస్తుంది. ఆ నాళం చివరి భాగమే గోదాము. పొట్టేలు దాటినప్పుడు బయటికి వచ్చేది అక్కడి సరుకే. అంటే ఈ రోజు పడిన వీర్యం రెండు నెలల కిందటి పంట.

ఇక ఎండదెబ్బ సంగతి. గొర్రె ఒంటి వేడి 39 డిగ్రీలుంటే విత్తులు అంతకంటే 4, 5 డిగ్రీలు చల్లగా ఉండాలి. సంచి కిందికి వేలాడేది అందుకే. బయట 44 డిగ్రీలుండి పైన జ్వరం కూడా తోడైతే ఆ ఏర్పాటు చేతులెత్తేస్తుంది. వరి పూత మీద ఉన్నప్పుడు వడగాలి కొడితే ఏమవుతుందో తెలుసు కదా. పైరు పచ్చగానే కనిపిస్తుంది, కంకి చూస్తే తాలు. చీలిక దశలో ఉన్న కణాలూ, గుండ్రటి కణాలూ వేడికి అలాగే దెబ్బతింటాయి. మీ పొట్టేలు మే నెలలో తిన్న దెబ్బ జూన్‌లో బయటపడింది. జూలై మధ్యకల్లా కొత్త పంట అంది సర్దుకోవాల్సింది. ఆ 14 గొర్రెలు ఎక్కువగా జూలైలో దాటినవే అయ్యుంటాయి, మీరు రాసిపెట్టుకొని ఉంటే చూసుకోండి.

సర్దుకోనివ్వకుండా చేసింది ఆ పవర్ ఇంజక్షన్లు. ఫోటోలోని సీసా టెస్టోస్టెరాన్. మగ హార్మోను వేస్తే మగతనం పెరుగుతుందని షాపాయన లెక్క, తప్పు లెక్క. విత్తులు తమ హార్మోనును తామే తయారు చేసుకుంటాయి. లోపల దాని మోతాదు రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంత ఉంటేనే కణాలు తయారవుతాయి. మీరు బయటి నుంచి పోస్తే, సరిపడా ఉంది కదా అని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి విత్తులకు ఆజ్ఞలు పంపడం ఆపేస్తుంది. లోపలి ఉత్పత్తి పడిపోతుంది, దాంతోపాటు కణాల తయారీ కూడా. పొట్టేలు మాత్రం ఇంకా హుషారుగా దాటుతుంది. మందు పనిచేసిందని మీరు అనుకుంటారు, ఆయన ఇంకో సీసా అమ్ముతాడు. ఎండాకాలం తర్వాత మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఈ కథ లేనిది తక్కువ. పశువు మొహం చూడకుండా, వీర్యం పరీక్షించకుండా హార్మోను రాసేవాడు డాక్టరైనా సరే, ఆ చీటీ చింపేయండి.

ఇప్పుడు చేయాల్సింది. పొట్టేలును ఈ రోజే మంద నుంచి వేరు చేయండి. ఇంకా కట్టని 32 గొర్రెలకు నాలుగు పళ్ళ పొట్టేళ్ళు రెండు తెచ్చుకోండి, అద్దెకైనా సరే. రెండు పళ్ళ పొట్టేలుకు 20 గొర్రెలు మించకూడదు, మీరు 46 అప్పజెప్పారు. తెచ్చే ముందు విత్తులు చేత్తో పట్టి చూడండి. రెండూ సమానంగా, బిగువుగా ఉండాలి. కింది కొసన గట్టి గడ్డ తగిలితే బ్రూసెల్లా అనే అంటురోగం కావచ్చు, రక్తపరీక్ష చేయించకుండా మందలో కలపొద్దు. ఆ పొట్టేళ్ళ రొమ్ముకు జాజును నూనెలో కలిపి పూయండి, దాటిన గొర్రె వీపుకు ఆ రంగు అంటుతుంది. 17 రోజులకు రంగు మార్చండి. పాత రంగు మీద కొత్త రంగు పడిన గొర్రె మళ్ళీ ఎదకొచ్చినట్టు. ఆగస్టు ఆఖరులో కట్టినవి జనవరి చివర్లో ఈనుతాయి.

మీ పొట్టేలుకు రోజుకు 400 గ్రాముల దాణా పెట్టండి. 100 కిలోలకు మొక్కజొన్న 50, పల్లి చెక్క 25, తవుడు 22, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. దాంతోపాటు సుబాబుల్ గానీ దశరథ గడ్డి గానీ పచ్చిగా వేయండి. పేడ పరీక్షలో నట్టలు కనబడితేనే ఫెన్‌బెండజోల్ వేయండి. కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే 2.5 శాతం ద్రావణమైతే 40 కిలోల పొట్టేలుకు 8 మిల్లీలీటర్లు. బరువు కంటితో అంచనా కట్టొద్దు, కాంటా పెట్టండి.

నూనెలో కలిపిన హార్మోను ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. కాబట్టి రెండు నెలల లెక్క ఆగస్టు మధ్య నుంచి వేసుకోండి. అక్టోబరు 20 తర్వాత ముందుగా కనుక్కొని మామునూరు వెటర్నరీ కాలేజీకి తీసుకురండి. తొలిసారి పడే వీర్యం గోదాములో నిల్వబడి పాడైన సరుకు, రెండోసారిది చూడాలి. కణాల కదలికతో పాటు మెడ దగ్గర చిన్న బొట్టు అంటుకొని ఉన్నవి ఎన్నో కూడా చూస్తాం. అవి పచ్చివి. ఎపిడిడిమిస్‌లో పూర్తిగా పండకముందే బయటికొచ్చినవి. కరీంనగర్ ఘనీకృత వీర్య కేంద్రంలో ఎంత మేలైన ఆబోతుదైనా మైక్రోస్కోపు కింద చూడకుండా బయటికి వదలరు. మీ పొట్టేలుకు ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు? అప్పటికీ బాగుపడకపోతే కోతకు అమ్మేయండి, మందకు మాత్రం కాదు.

వచ్చే వేసవిలో పొట్టేలును పొద్దున పదింటి వరకు, సాయంత్రం నాలుగు తర్వాతే మేపండి. మధ్యాహ్నం చెట్టు నీడ, చల్లటి నీళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో లారీల్లో పొట్టేళ్ళు తేవడం మానేయండి, ఫిబ్రవరిలోనే కొనండి. జ్వరం వస్తే తేదీ గోడ మీద రాసి, అక్కడి నుంచి 60 రోజులు లెక్కపెట్టి అప్పుడు మందలో వదలండి.

ఆ షాపు సీసాలు ఇంట్లో ఇంకా ఉంటే తిరిగిచ్చేయండి. బిల్లు ఉందా అని అడగను, ఉండదని నాకు తెలుసు.