సిల్హెట్‌లో ఆ తొమ్మిది రోజులు ఏమయ్యాయి?

చిరంజీవికి ఆశీస్సులు.

మన సైన్యానికి అధిపతిగా చేసిన జనరల్ కె.వి. కృష్ణారావుగారి జీవితం మీద నువ్వు పంపిన వ్రాతప్రతి చదివాను. వయసు ఇచ్చిన చనువుతో ఏకవచనంలో రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. వాక్యం నీకు పట్టుబడింది. ఆ సంగతి అంతటితో ఆపి, రెండు రాత్రులుగా నన్ను చికాకు పెడుతున్న చోటికి వస్తాను.

1971 యుద్ధంలో ఆయన సేనలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని సిల్హెట్‌ను ‘అవలీలగా’ కైవసం చేసుకున్నాయని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అప్పటికి ఆయన మేజర్ జనరల్, 8వ మౌంటెన్ డివిజన్ అనే పెద్ద సేనావిభాగానికి అధిపతి. (లెఫ్టినెంట్ జనరల్ అంతకన్నా చిన్న హోదా అనుకున్నట్టున్నావు, మేజర్‌కు కిందివాడు లెఫ్టినెంటే అయినా జనరళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ వరస తిరగబడుతుంది.) అదే రంగంలోని గాజీపూర్‌లో పోరాడి రెండు మూడు రోజులే అయిన గూర్ఖా పటాలాన్ని డిసెంబరు 7న హెలికాప్టర్లలో తెచ్చి సిల్హెట్ శివార్లలో దించారు. ఆ ఎత్తుగడ ఆయన పైఅధికారి, అలాంటి డివిజన్లు కొన్ని కలిసిన 4వ కోర్‌కు అధిపతి అయిన సగత్ సింగ్‌ది. 48 గంటల్లో మిగతా సేన వచ్చి కలుస్తుందని వాళ్ళకు చెప్పారు. కలవడానికి తొమ్మిది రోజులు పట్టింది. తమకన్నా ఎన్నో రెట్లు పెద్ద పాకిస్తానీ దండుకు ఎదురుగా తన మనుషులు అలా చిక్కుకుని ఉంటే, ఆ డివిజన్ అధిపతికి ఒక్కో పూటా ఎలా గడిచి ఉంటుంది? హోదా పెరిగేకొద్దీ సైనికాధికారి తుపాకి మోతకు దూరమవుతాడు, జీవితచరిత్ర రాసేవాడు పట్టుకోవలసింది ఆ దూరాన్నే అని నేను నలభై ఏళ్ళుగా వాదిస్తున్నాను.

మోతను కాక మనిషిని రాయాలన్న ఈ వాదనకు నష్టమూ పడ్డాను. సైనికుల ఊరుగా పేరున్న మిలిటరీ మాధవరంలో ఒక మాజీ హవల్దారును యుద్ధం గురించి అడిగితే, ఆయన పూటంతా తడిసిన మేజోళ్ళ గురించే చెప్పాడు. వేళ్ళ సందుల్లో చర్మం ఎలా తెల్లబడి ఊడివచ్చేదో కాలు చాచి చూపించాడు. ఆ వ్యాసం పంపితే ఒక వారపత్రిక సంపాదకుడు మేజోళ్ళన్నీ కోసేసి, నేను రాయని ఫిరంగులు నాలుగు చేర్చి, ఆగస్టు 15 సంచికలో ‘వీరగాథ’గా వేశాడు. ఆ హవల్దారుకు మళ్ళీ ముఖం చూపించలేకపోయాను. నీ ప్రతిలో ఆ సంపాదకుడు నాకు అడుగడుగునా కనిపిస్తున్నాడు.

1942లో, తన ఈడు కుర్రాళ్ళు క్విట్ ఇండియా అంటూ జైళ్ళకు వెళుతుంటే, ఒక పంతొమ్మిదేళ్ళ తెలుగువాడు తెల్లవాళ్ళ సైన్యంలో, అదీ ఏడాది కిందటే ఏర్పడిన మహర్ రెజిమెంటులో, అధికారిగా చేరాడు. దాన్ని ‘దేశసేవకు అంకితమయ్యారు’ అని దాటేశావు. 1975లో సైన్యం ఆధునికీకరణకు వేసిన నిపుణుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. కాల్బలాన్ని ట్యాంకుల వెంట పరుగెత్తే కవచ వాహనాల్లోకి ఎక్కించే ఆలోచనకు ఊతమిచ్చింది అదే. ఆ పనిని ‘కొంతకాలం కార్యాలయ బాధ్యతలు’ అన్నావు. 1981లో సైన్యాధిపతి అయిన రోజుకు మాత్రం మూడు పేజీలు ఇచ్చావు, పూలదండలతో సహా.

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరిచేత రాయించాలి అన్నవి ఇప్పుడు వద్దు. సిల్హెట్ అధ్యాయాన్ని డిసెంబరు 9 నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. 48 గంటలూ నిండాయి, ఇంకా ఎవరూ రాలేదు.