రూమ్మేట్ పిస్తోలు కొన్నాడు, మా అబ్బాయికి ఏమైనా ఇబ్బందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం. మా అబ్బాయి ఎఫ్-1 వీసా మీద టెక్సాస్‌లో, డల్లాస్‌కి దగ్గరున్న ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. పోయిన వారం క్లాసులో ముందు వరుస కుర్రాడు కిందపడ్డ ఛార్జర్ కోసం వంగితే, చొక్కా పైకి జరిగి నడుం దగ్గర పిస్తోలు కనిపించిందట. "ఇక్కడ ఇది మామూలే అమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. పైగా వీడి రూమ్మేట్, మన తెలుగబ్బాయే, గ్రీన్ కార్డ్ ఉంది, ఒక పిస్తోలు కొని ఫ్లాట్‌లో పెట్టుకున్నాడట. ఆదివారం షూటింగ్ రేంజ్‌కి రమ్మని పిలుస్తున్నాడట. మావాడు కూడా లైసెన్స్ తీసుకుంటే భద్రంగా ఉంటుందేమో అంటున్నాడు. ఇదంతా చట్టప్రకారమేనా? మే నెలలో మేమిద్దరం కూడా అక్కడికి వెళ్తున్నాం.

జవాబు: అమ్మా, మీ భయం క్లాసులో కనిపించిన ఆ పిస్తోలు గురించి. నాకు దానికన్నా మీ అబ్బాయి ఫ్లాట్‌లో ఉన్న పిస్తోలు గురించి ఎక్కువ ఆందోళనగా ఉంది. ఎందుకో చెప్తాను. ముందు మీరడిగిన దానికి జవాబు.

క్లాసులో ఆ కుర్రాడి దగ్గర లైసెన్స్ ఉంటే, అతను చేసింది టెక్సాస్‌లో నేరం కాదు. 2015లో అక్కడి శాసనసభ సెనేట్ బిల్లు 11 అనే చట్టం చేసింది. అందరూ దాన్ని క్యాంపస్ క్యారీ అంటారు. నాలుగేళ్ల ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2016 ఆగస్టు 1 నుంచి, కమ్యూనిటీ కాలేజీల్లో ఆ తర్వాతి ఏడాది అదే తేదీ నుంచి అమల్లోకి వచ్చింది. ఆస్టిన్‌లో యూనివర్సిటీ టవర్ ఎక్కి ఒకడు కిందున్న జనాన్ని కాల్చింది 1966 ఆగస్టు 1న. సరిగ్గా యాభై ఏళ్లకు, అదే రోజున ఈ చట్టం అమలు కావడం అక్కడి చాలామందిని బాధపెట్టింది. ముగ్గురు ప్రొఫెసర్లు తమ తరగతి గదుల్లోకి తుపాకులు రానివ్వొద్దని ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. వాక్‌స్వేచ్ఛ పేరుతో కేసు వేసే అర్హత వాళ్లకు లేదని, మిగతా వాదనలు నిలవవని 2018లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. చట్టం నిలబడింది.

అలాగని ఎవరు పడితే వాళ్లు తుపాకీతో లోపలికి వెళ్లడానికి లేదు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటినవాళ్లు, చట్టం ఏ అడ్డూ చెప్పనివాళ్లయితే, లైసెన్స్ లేకుండానే బయట పిస్తోలు పెట్టుకు తిరగొచ్చు. మన పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆ సడలింపు క్యాంపస్ భవనాలకు వర్తించదు. అక్కడ ఎల్టీసీ, అంటే లైసెన్స్ టు క్యారీ, ఉండి తీరాలి. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు విని, రేంజ్‌లో కాల్చి చూపించి, వేలిముద్రలు ఇచ్చి తీసుకునే లైసెన్స్ అది. అది లేకుండా తుపాకీతో క్లాసులోకి వెళ్తే మూడో తరగతి ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. రెండు నుంచి పదేళ్ల జైలు పడొచ్చు.

లైసెన్స్ ఉన్నా ఆయుధం బయటికి కనపడకూడదు. బడాయికో, ఎవరినైనా బెదిరించడానికో కావాలని చూపిస్తే నేరం. ఏడాది దాకా జైలు, నాలుగు వేల డాలర్ల దాకా జరిమానా. చట్టంలో ఉన్న మాట "కావాలని లేదా తెలిసి" అన్నది. వంగినప్పుడు చొక్కా జరగడం ఆ లెక్కలోకి రాదు. అతను మళ్లీ మళ్లీ అలాగే చేస్తున్నా, మాటల్లో బెదిరింపు ఉన్నా మీవాడు క్యాంపస్ పోలీసులకు ఫోన్ చేయాలి. ఆ క్షణంలోనే ప్రమాదం అనిపిస్తే 911. అంతేగానీ తానే వెళ్లి "నీ దగ్గర లైసెన్స్ ఉందా" అని నిలదీయొద్దు. ఎవరికి లైసెన్స్ ఉందో యూనివర్సిటీ కూడా చెప్పదు, ఆ వివరాలు గోప్యం.

యూనివర్సిటీ మొత్తం క్యాంపస్‌ని నిషేధ ప్రాంతంగా ప్రకటించడానికి వీల్లేదు. కొన్ని చోట్లను మాత్రం మినహాయించుకోవచ్చు. ఆటల పోటీలు, పిల్లల సంరక్షణ కేంద్రాలు, ప్రమాదకర రసాయనాలుండే ల్యాబులు లాంటివి. హాస్టల్ గదుల్లో తుపాకీ ఎలా దాచాలో నియమాలు పెట్టుకోవచ్చు. ఆస్టిన్‌లోనైతే తనొక్కరికే గది ఉన్న ప్రొఫెసర్ "నా గదిలోకి తుపాకీ తేవద్దు" అని నోటిమాటగా చెప్పినా చాలు. నిషేధం ఉన్న భవనం గుమ్మం దగ్గర ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అంగుళానికి తగ్గని అక్షరాలతో పెద్ద బోర్డు ఉంటుంది. అక్కడి చట్టంలో సెక్షన్ నంబరు 30.06 కాబట్టి దాన్ని ఆ నంబరుతోనే పిలుస్తారు. మీరు వెళ్లినప్పుడు తలుపు పక్కన అద్దం మీద చూస్తారు. మరో మాట, ప్రైవేటు యూనివర్సిటీలు ఈ చట్టం మాకొద్దు అనొచ్చు. దాదాపు అన్నీ అలాగే అన్నాయి.

ఇవన్నీ టెక్సాస్ సంగతులు. మీ అబ్బాయి రేపు వేరే రాష్ట్రానికి బదిలీ అయితే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. జార్జియా, కాన్సస్ 2017 జూలైలో ప్రభుత్వ క్యాంపస్‌లను తుపాకులకు తెరిచాయి, వెస్ట్ వర్జీనియా 2024 జూలైలో తెరిచింది. కొలరాడో మాత్రం అదే 2024 జూలైలో తలుపులు మూసేసింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

పైన చెప్పిన ఏ హక్కూ మీ అబ్బాయి కోసం రాసింది కాదు. టెక్సాస్ చట్టం ఎంత ఉదారంగా ఉన్నా, దాని పైన దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ఉంది. అందులో 922 అనే సెక్షన్, నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు అంటుంది. చదువుకునేవాళ్ల ఎఫ్-1, చదువయ్యాక అదే వీసా మీద పనిచేసే ఓపీటీలో ఉన్నవాళ్లు, ఉద్యోగుల హెచ్-1బీ, వాళ్ల కుటుంబాల హెచ్-4, టూరిస్టు వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు రారు. రూమ్మేట్‌కి చట్టబద్ధమైన వస్తువు మీవాడి చేతిలోకి రాగానే నేరం కావడానికి కారణం ఇదే. శిక్ష 2022 వరకు పదేళ్ల దాకా ఉండేది. ఆ ఏడాది జూన్‌లో దాన్ని పదిహేనేళ్లకు పెంచారు.

"దగ్గర పెట్టుకోవడం" అంటే కొని, బీరువాలో దాచుకోవడం ఒక్కటే కాదు. రేంజ్‌లో పది నిమిషాలు అద్దెకు తీసుకుని కాల్చడం కూడా. ఇది నా ఊహ కాదు. హమీద్ రెహైఫ్ అనే యువకుడు స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్, అంటే దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా, పోయింది. ఆ తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి రెండు తుపాకులు కాల్చాడు. ఎవరినీ ఏమీ చేయలేదు. ఇదే సెక్షన్ కింద కేసు పెట్టారు, 18 నెలల శిక్ష వేశారు. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పి పంపింది. తన స్టేటస్ పోయిందన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాల్సిందే అంది. ఆ తీర్పు చూసి ధైర్యపడేవాళ్లకు నేను ఒకటే అడుగుతాను. తను ఎఫ్-1 మీద ఉన్నానని తెలియని విద్యార్థి ఎవరైనా ఉంటారా? యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే వీసా కాగితం వాళ్ల ఫోన్లోనే ఉంటుంది. "అలా ఒక చట్టం ఉందని నాకు తెలియదు" అన్న మాట కోర్టులో నిలవదు.

ఇక్కడ మీవాడి స్నేహితులు తప్పకుండా ఒక మాట చెప్తారు. "హంటింగ్ లైసెన్స్ తీసుకో, అంతా సెట్ అయిపోతుంది." ఇందులో నిజం ఉంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఆ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. వేటకు వెళ్లే ఉద్దేశమే లేకపోయినా, రేంజ్‌కి వెళ్లడం కోసమే మన పిల్లలు చాలామంది ఆన్‌లైన్‌లో ఆ లైసెన్స్ కొంటున్నారు. కానీ టెక్సాస్‌లో దాని గడువు ఎప్పుడు కొన్నా సాధారణంగా ఆగస్టు 31తో అయిపోతుంది. ఒక కుర్రాడు నా ఎదుట కూర్చుని ఫోన్లో తన లైసెన్స్ చూపించాడు. జూలై మధ్యలో కొన్నాడు. ఏడాది చెల్లుతుందనుకున్నాడు. నేను వేలు పెట్టి తేదీ చూపిస్తే ముఖం పాలిపోయింది. అప్పటికి అక్టోబరు నడుస్తోంది. అతని పిస్తోలు నెల రోజులుగా మంచం కింద అట్టపెట్టెలోనే ఉంది. ఆగస్టు 31 రాత్రి పన్నెండు దాకా చట్టబద్ధం, ఒంటిగంటకు ఫెడరల్ నేరం. పిస్తోలు ఉన్నచోటు నుంచి కదలనే లేదు. అందుకే ఈ మినహాయింపు మీద చదువును, భవిష్యత్తును నిలబెట్టొద్దు అని నేను గట్టిగా చెప్తాను. పైగా హంటింగ్ లైసెన్స్ ఉన్నంత మాత్రాన క్యాంపస్‌లోకి తుపాకీ తీసుకెళ్లడం కుదరదు, దానికి ఎల్టీసీ వేరే ఉండాలి.

ఇప్పుడు ఫ్లాట్ సంగతి. రూమ్మేట్ పిస్తోలు అదే ఇంట్లో ఉన్నంత మాత్రాన మీవాడు నేరస్తుడు కాడు. ఒక వస్తువు ఉందని తెలిసి, దాని మీద పట్టు, వాడుకునే వీలు, ఆ ఉద్దేశం ఉంటేనే అది అతని దగ్గర ఉన్నట్టు లెక్క. చేతిలో లేకపోయినా ఇది వర్తిస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఇద్దరూ వాడే హాల్లోని టీవీ కింద డ్రాయర్‌లో అది పడి ఉంటే, దాని తాళంచెవి ఎక్కడుంటుందో మీవాడికీ తెలిస్తే, పోలీసులు వచ్చిన రోజున "అది నాది కాదు" అని తేల్చుకోవాల్సిన భారం ఆచరణలో మీవాడి నెత్తిన పడుతుంది. పోలీసులు ఏదో పెద్ద కారణంతోనే రావాలని లేదు. పక్క ఫ్లాట్‌వాళ్లు పాటల గోల అని ఫిర్యాదు చేసినా వస్తారు.

కాబట్టి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. పిస్తోలు, తూటాలు రూమ్మేట్ సొంత గదిలో, అతనొక్కడికే కోడ్ తెలిసిన లాకర్‌లో ఉండాలి. ఆ కోడ్ మీవాడు అడగకూడదు, చెప్పినా వినకూడదు. ఫొటో కోసం కూడా చేత్తో పట్టుకోకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఆ ఫొటోనే రేపు ప్రాసిక్యూటర్ చేతిలో సాక్ష్యం. కొనడానికి డబ్బు సర్దడం, తన కార్డు మీద తూటాలు ఆర్డర్ చేయడం అసలే వద్దు. ఆ అబ్బాయి ఇవి ఒప్పుకోకపోతే, మీవాడు వేరే ఇల్లు చూసుకోవడం మంచిది. ఇంటి ఓనర్‌కి చెప్పి తుపాకీ తీయించవచ్చు కదా అనుకోవద్దు. 2019 నుంచి టెక్సాస్‌లో అద్దెకున్నవాళ్లు చట్టబద్ధంగా తుపాకీ ఉంచుకుంటే ఓనర్ వద్దనడానికి లేదు.

ఆదివారం రేంజ్‌కి వెళ్లొద్దని చెప్పండి. పిల్లలకు "వద్దు" అంటే చిరాకు వస్తుంది, నాకు తెలుసు. "నువ్వు పిరికివాడివి" అన్నట్టు వినిపిస్తుంది. అందుకని కారణం చెప్పండి. ఈ సెక్షన్ కింద శిక్ష పడితే జైలుతో అయిపోదు. ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని అగ్రవేటెడ్ ఫెలనీ, అంటే మరీ తీవ్రమైన నేరం, కింద లెక్కేస్తుంది. అంటే దేశం నుంచి పంపించేస్తారు, మళ్లీ వచ్చే దారులు దాదాపు మూసుకుపోతాయి. మీరు బ్యాంకు లోను పెట్టి పంపిన చదువు అక్కడితో ఆగిపోతుంది.

ఒకవేళ పోలీసులు ఎప్పుడైనా ఈ విషయం అడిగితే, మర్యాదగా పేరు చెప్పి, "మా లాయర్ వచ్చాకే మాట్లాడతాను" అనాలి. మంచితనం కొద్దీ "ఆ, నేను కూడా ఒకసారి కాల్చాను సార్" అన్న ఒక్క ముక్కతో కేసు పూర్తయిపోతుంది. నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో బయటపడమని సలహా వచ్చినప్పుడు, దాని వల్ల వీసాకి ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. అది చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లోనే అమెరికా సుప్రీంకోర్టు అంది.

లైసెన్స్ ఆలోచన వెనక ఉన్న భయాన్ని నేను కాదనను. రాత్రి ల్యాబ్ నుంచి ఒంటరిగా నడిచి రావాలంటే ఎవరికైనా టెన్షనే. చాలా క్యాంపస్‌ల్లో ఫోన్ చేస్తే పోలీసులో సెక్యూరిటీవాళ్లో ఇంటిదాకా తోడు వస్తారు. మీవాడి యూనివర్సిటీలో ఆ నంబరు కనుక్కుని ఫోన్‌లో సేవ్ చేసుకోమనండి. చిన్న పెప్పర్ స్ప్రే డబ్బా టెక్సాస్‌లో నిషిద్ధ ఆయుధం కాదు. యూనివర్సిటీ నియమాలు ఒకసారి చూసుకుని దగ్గర పెట్టుకోవచ్చు.

ఇక మే నెల. మీరిద్దరూ వెళ్లేది బీ-2, అంటే టూరిస్టు వీసా మీద. ఫెడరల్ నిషేధం మీకూ వర్తిస్తుంది. ఆ రూమ్మేట్ ప్రేమగా "అంకుల్, ఒకసారి పట్టుకుని చూడండి" అంటూ మీవారి చేతికి పిస్తోలు ఇవ్వబోతే, "వద్దు బాబూ" అని చేతులు వెనక్కి పెట్టుకోమనండి. తిరుగు ప్రయాణానికి మీ అబ్బాయిది గానీ, అతని రూమ్మేట్‌ది గానీ పాత బ్యాక్‌ప్యాక్ వాడుతుంటే, బయల్దేరే ముందు దాని ప్రతి జేబూ తిరగేసి దులపండి. రేంజ్‌కి తీసుకెళ్లిన సంచి అడుగున ఒక్క తూటా మిగిలినా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపిస్తుంది. శంషాబాద్‌లో అలా దొరికితే మన ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద కేసు అవుతుంది. అది ఉన్నట్టు తెలియకపోతే నేరం కాదని మన కోర్టులు చెప్పాయి. కానీ ఆ మాట కోర్టులో చెప్పుకునే అవసరమే మీకు రాకూడదు. సంచి కొత్తది కొనుక్కుంటే ఇంకా మంచిది.