గ్రిడ్ హెడర్ టూల్‌బార్ కింద దాక్కుంటోందా?

విండోస్ ఫామ్స్‌లో (డాట్‌నెట్‌లో డెస్క్‌టాప్ యాప్‌ల తెరలు కట్టే పద్ధతి) గ్రిడ్‌కి, అంటే పట్టికకి, డాక్ (ఏ అంచుకి అతుక్కోవాలో చెప్పే సెట్టింగ్) విలువ ఫిల్ (మిగిలిన చోటంతా నింపు) అని ఇచ్చినా హెడర్ వరుస టూల్‌బార్ వెనక్కి పోతోందంటే, తప్పు గ్రిడ్‌ది కాదు, కంట్రోల్స్ (ఫామ్ మీది గ్రిడ్, టూల్‌బార్ లాంటి భాగాలు) ఒకదాని వెనక ఒకటి ఉన్న వరుసది. డాకింగ్ లెక్క అన్నింటికన్నా వెనకున్న కంట్రోల్‌తో మొదలై ముందుకు వస్తుంది. గ్రిడ్ వెనక ఉంటే ఫామ్ మొత్తాన్ని అదే ముందుగా ఆక్రమిస్తుంది. తర్వాత వచ్చే టూల్‌బార్ దాని మీద కూర్చుంటుంది. కింద స్టేటస్ బార్ ఉంటే గ్రిడ్ చివరి వరుస కూడా కనపడదు.

విజువల్ స్టూడియో డిజైనర్‌లో గ్రిడ్ మీద రైట్ క్లిక్ చేసి 'బ్రింగ్ టు ఫ్రంట్' నొక్కితే చాలు. ఫామ్ కిక్కిరిసి ఉంటే కంట్రోల్+ఆల్ట్+టీ నొక్కి, కంట్రోల్స్ జాబితా చూపే డాక్యుమెంట్ అవుట్‌లైన్‌లో వరుస మార్చండి.

ఎక్కువగా దొరికిపోయేది రన్‌టైమ్‌లోనే, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా కోడ్‌తో కంట్రోల్స్ చేర్చేటప్పుడే. కంట్రోల్స్.యాడ్ కొత్త కంట్రోల్‌ని జాబితా చివర, అంటే అన్నిటికన్నా వెనక పెడుతుంది. కాబట్టి యాడ్ తర్వాత గ్రిడ్ మీద బ్రింగ్‌టుఫ్రంట్ పిలవండి, లేదా సెట్‌చైల్డ్‌ఇండెక్స్‌తో దానికి 0 (అన్నిటికన్నా ముందు స్థానం) ఇవ్వండి.

డాక్ తీసేసి గ్రిడ్‌ని చేత్తో 25 పిక్సెల్స్ కిందకి జరపడం మాత్రం వద్దు. స్క్రీన్ స్కేలింగ్ 150 శాతం ఉన్న మెషీన్‌లో టూల్‌బార్ ఎత్తు మారితే ఆ లెక్క తప్పుతుంది.