మూడో బోరు వేయాలా, వద్దా?

ప్రశ్న: అన్నా, మాది పాకాల దగ్గర పల్లె. మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మొదటి బోరు ఎండిపోయింది, రెండోది అరగంట పోసి ఆగిపోతోంది. కొబ్బరికాయతో పాయింట్ చూసినాయన తోట మూలలో వెయ్యి అడుగులు దింపితే నీళ్లు గ్యారంటీ అంటున్నాడు. మా నాయన బంగారం కుదువ పెడదామంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక యువరైతు

జవాబు: బంగారం బీరువాలోనే ఉండనీ తమ్ముడూ. బోర్ల లెక్కలు రాసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. అరచేతిలో లేచి నిలబడిన కొబ్బరికాయల్నీ, అదే చోట దుమ్ము కక్కిన బోర్లనీ కావలసినన్ని చూశాను. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది పైన మెత్తబడిన పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. వెయ్యి అడుగుల్లో తగిలినా, తోడేశాక మళ్లీ నిండడానికి పైనుంచి దారి ఉండాలి కదా!

అసలు నీకు నీళ్లెప్పుడు కావాలి? కాపుకొచ్చిన మామిడికి పూతకు ముందు రెండు మూడు నెలలు తడి ఇవ్వకూడదు. ఇస్తే పూత బదులు చిగురేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే తడి అవసరం. అంటే ఈశాన్య వానలు పడే రోజుల్లో తోటకు నీళ్లు అక్కర్లేదు. ఆ వాననే ఎండిన బోరులోకి దింపు.

ముందు ఒక ట్యాంకర్ నీళ్లు ఆ బోరులో పోసి చూడు. మట్టం దిగకుండా అట్లే నిలిచిపోతే దాని మీద పైసా పెట్టొద్దు. దిగుతుంటే కేసింగ్ (బోరు పైభాగంలో దింపిన గొట్టం) చుట్టూ పదడుగుల లోతు గుంత తీయించి, గుంతలో కనబడే కేసింగ్‌కు చిన్న చిన్న రంధ్రాలు వేయించి, నైలాన్ జాలీ గట్టిగా చుట్టించు. అడుగున గుండ్రాళ్లు, వాటి మీద పెద్ద కంకర, చిన్న కంకర, పైన ఇసుక. వాన నీళ్లు నేరుగా రాకుండా పక్కన ఇంకో చిన్న గుంతలో ఒండ్రు దిగేలా చూడు. పేడదిబ్బ మీదుగా, మందు కొట్టిన చేల మీదుగా వచ్చే నీళ్లు మాత్రం వద్దే వద్దు. ఏటా పైఇసుక తీసి కడగాలి. ఈ మాటకు అందరూ తలూపుతారు, చేసేవాళ్లు అరుదు.

డ్రిప్‌కు రాయితీ ఉంది, రైతు సేవా కేంద్రంలో అడుగు. కృష్ణా నీళ్లు 2025లో కుప్పం దాకా వచ్చాయని మీ నాయన అంటాడేమో. వచ్చాయి, సంతోషమే. పిందె మాత్రం కాలువ కోసం ఆగదు.

ఇంకో సంగతి. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని జనం ఊళ్లు ఖాళీ చేశారు. అంత వాన చూసిన జిల్లా మనది. మీ ఊరి చెరువు నిండి మొరవ పోయిన ఏడాది బోర్లు ఎట్లా పోసేవో పెద్దవాళ్లను అడుగు. చెరువుకు నీళ్లొచ్చే కాలువ ఎవరి చేలో కలిసిపోయిందో నీకూ తెలిసే ఉంటుంది. ఆ పంచాయితీ మీ నాయన చేతే పెట్టించు. నువ్వడిగితే కుర్రోడని తోసేస్తారు.

ప్రశ్న: తిరుపతిలో మాది వెయ్యి చదరపు అడుగుల మిద్దె. ఎండాకాలమంతా ట్యాంకర్లు కొంటున్నాం. వాన నీళ్లు పట్టుకుంటే ఏపాటి వస్తాయండీ?
— ఒక గృహిణి

జవాబు: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరమ్మా. మీ మిద్దె దాదాపు 93 చదరపు మీటర్లు. ఏడాదిలో 900 మిల్లీమీటర్లు కురిస్తే 83 వేల లీటర్లకు పైనే. ఐదో వంతు పోయినా, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడు! అన్నీ నిలవ చేయలేరు, సంపు నిండాక మిగిలినవి ఇంకుడు గుంతకు మళ్లించండి. తొలి వాన నీళ్లు బయటికి వదిలేయండి. మిద్దె మీద పావురాలకు గింజలు చల్లే అలవాటుంటే ముందు అది మానండి.