పెద్ద క్లాస్‌లో వెనకబడ్డ తమ్ముడు మళ్లీ కిందికి దిగాలా? – సమాధానం

బైక్ రేసింగ్‌లో చిన్న క్లాస్‌లో (చిన్న ఇంజిన్ బైకుల విభాగంలో) గెలిచిన మీ తమ్ముడు పెద్ద బైక్ ఎక్కాక పాయింట్లు కూడా తెచ్చుకోలేకపోతున్నాడనీ, పాత క్లాస్‌కి పంపేద్దామా అనీ అడిగారు. ఇప్పుడే వద్దండి.

స్పెయిన్ రేసర్ అలెక్స్ మార్కెజ్‌ని చూడండి. 2014లో మోటో3 (ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చిన్న బైకుల క్లాస్) ఛాంపియన్. దాని పై క్లాస్ మోటో2 టైటిల్ మాత్రం 2019లో గానీ దక్కలేదు. మోటో3 బైక్ 250 సీసీ, ఒకే సిలిండర్. మోటో2లో 2019 నుంచి ట్రయంఫ్ 765 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. తేలికపాటి బైక్‌పై మలుపులో వేగం పోకుండా చూసుకుంటే చాలు. బరువైన దానిపై ఆ అలవాటే దెబ్బతీస్తుంది. గట్టిగా బ్రేక్ వేసి, త్వరగా తిప్పి, బైక్‌ని నిటారుగా లేపాకే థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తెరవాలి. లేదంటే వెనక టైరు సగం రేసుకే అరిగిపోతుంది.

అందుకే ఎన్నో స్థానంలో వచ్చాడన్నది కాసేపు పక్కన పెట్టండి. టీమ్‌మేట్‌తో ల్యాప్ టైమ్ తేడా, అందులోనూ చివరి ల్యాపుల్లో తేడా చూడండి. అది తగ్గుతుంటే దారిలో ఉన్నట్టే. టీమ్‌లో బైక్ సెన్సర్ల రికార్డులు చూసే డేటా ఇంజినీర్‌ని అడిగి ఇద్దరి బ్రేక్, థ్రాటిల్ గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టించండి. పడిపోవడాలన్నీ మలుపులోకి దిగేటప్పుడేనా అన్నది కూడా తెలుస్తుంది. ఖాళీ దొరికితే మట్టి ట్రాక్‌పై తిప్పించండి, వెనక చక్రం జారుతుందన్న భయం పోతుంది.

కాంట్రాక్ట్ సంగతి సీజన్ అయ్యేదాకా ఆపకండి. కింది క్లాసుల్లో చాలా సీట్లు స్పాన్సర్ డబ్బుతోనే నిలుస్తాయి (చేదుగా ఉన్నా అంతే). తేడా తగ్గిందని చూపే ఆ లెక్కలు పట్టుకుని ఇప్పుడే మేనేజర్‌తో మాట్లాడండి.